చేతికి పని చెప్పిన ఫోను

పక్షవాతం వచ్చి కోలుకుంటున్న మనిషిని చూడడానికి వచ్చినవాళ్ళు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు. నడుస్తున్నారా? మాట తిరిగిందా? మందులు ఎక్కడివి? అన్నం ఎవరు తినిపిస్తున్నారు, స్నానం ఎవరు చేయిస్తున్నారు, చీర ఎవరు కడుతున్నారు అని అడిగేవారు అరుదు. అవి ఇంటి ఆడవాళ్ళు చూసుకునే పనులనీ, వాటికీ వైద్యానికీ సంబంధం లేదనీ మన అభిప్రాయం. కాని జబ్బుపడ్డ మనిషికి తెల్లవారింది మొదలు రోజు గడిచేది ఆ పనులతోనే. ప్రాణం దక్కింది గదా అని మనం సంతోషిస్తూ ఉంటాం. ఒకరు ముద్ద పెడితే తప్ప తినలేని స్థితి ఆ మనిషిని లోలోపల కుంగదీస్తూ ఉంటుంది.

ఈ రోజువారీ పనులనే చికిత్సగా మలిచే శాస్త్రం ఒకటి ఉంది. దాని పేరు ఆక్యుపేషనల్ థెరపీ. అది చదివినవారు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉంటారు. మా తిరుమలగిరి వంటి ఊళ్ళకు వారు రావడం కష్టం. మంచం దిగలేని మనిషిని తీసుకుని వారానికి రెండుసార్లు మనం వారి దగ్గరకు పోవడం అంతకన్నా కష్టం. ఈ దూరాన్ని చేతిలోని సెల్‌ఫోను ఎంతవరకు తగ్గించగలదు, ఎక్కడ తగ్గించలేదు అన్నది మా ఇంట్లో చూసిన సంగతులతో చెప్పాలని ఈ ప్రయత్నం.

పేరులోనే చిక్కు

ఆక్యుపేషన్ అనగానే ఉద్యోగం, వృత్తి అనుకుంటాం. "మా అత్తమ్మ ఉద్యోగం చేసేది కాదు గదా, ఆమెకు ఈ థెరపీ ఎందుకు?" అని మా బంధువు ఒకాయన నన్నే అడిగాడు. ఈ శాస్త్రంలో ఆ మాటకు అర్థం వేరు. మనిషి రోజంతా చేసుకునే ప్రతి పనీ ఆక్యుపేషనే. పళ్ళు తోముకోవడం, జడ వేసుకోవడం, బియ్యం ఏరడం, దేవుడి దగ్గర దీపం పెట్టడం, మనుమరాలికి పౌడరు రాయడం, అన్నీ అందులోకే వస్తాయి. ఫిజియోథెరపీ ముఖ్యంగా కండరాల బలం, కీళ్ళ కదలిక, నడక చూస్తుంది. ఆక్యుపేషనల్ థెరపీ ఆ బలాన్ని పనిలోకి దింపుతుంది. బలం పూర్తిగా తిరిగి రాకపోతే ఉన్నంతలోనే పని జరిగే దారి చూస్తుంది. ఈ రెండూ ఒకదానికి ఒకటి పోటీ కావు, తోడు.

ఇది మన దేశానికి నిన్నగాక మొన్న వచ్చిన విద్య కూడా కాదు. అమెరికాలో పుట్టి, మన దేశానికి కోడలుగా వచ్చిన కమలా నింబ్కర్ 1950లోనే బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దీనికి పాఠశాల ప్రారంభించారు. 1952లో అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం ఏర్పడింది. అదే ఏడు ప్రపంచ సమాఖ్యను స్థాపించిన పది దేశాల్లో భారతదేశమూ ఒకటి. ఇన్నేళ్ళయినా ఈ పేరు మన ఇళ్ళకు కొత్తగానే ఉందంటే, ఆ సేవ నగరాలు దాటి రాకపోవడమే కారణం.

దూరంనుంచి వైద్యం అన్నది మాత్రం తెలుగువారికి కొత్త కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో 2000 మార్చి 24న అపోలో సంస్థ గ్రామీణ టెలిమెడిసిన్ కేంద్రాన్ని అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. పల్లెలో కూర్చున్న రోగిని ఉపగ్రహ సంబంధంతో నగరంలోని డాక్టరు చూడడం అప్పట్లో వింత. ఆనాడు దానికి ప్రత్యేకమైన గది, యంత్రాలు కావలసి వచ్చాయి. ఈనాడు ఇంట్లో పిల్లలు బొమ్మలు చూసే ఫోనే చాలు. కరోనా కాలంలో, 2020 మార్చి 25న, డాక్టర్లు దూరంనుంచి వైద్యం చేయడానికి కేంద్రం నియమావళి విడుదల చేసింది. ఆ రోజుల్లో గడప దాటలేక వీడియోకు అలవాటుపడిన థెరపిస్టులు చాలామంది తరువాత కూడా ఆ పద్ధతిని వదలలేదు. మాకు మేలు చేసింది అదే.

"నీకేం చేయాలని ఉందమ్మా?"

2023లో మా అత్తమ్మకు కుడిపక్క పక్షవాతం వచ్చింది. అప్పటికి ఆమె వయసు అరవై ఎనిమిది. పదకొండు రోజులు హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపారు. మాట కొంచెం ముద్దగా వచ్చేది. పట్టుకుంటే నాలుగడుగులు వేసేది. కుడిచేయి మాత్రం ఒళ్ళో పెట్టిన మూటలా ఉండేది. ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీతోపాటు ఇంగ్లీషులో అచ్చువేసిన వ్యాయామాల కాగితం ఒకటి ఇచ్చారు. అందులో ఉన్న బొమ్మ మనిషి సోఫా మీద కూర్చుని ఉన్నాడు. మా ఇంట్లో ఉన్నది నవారు మంచం.

తిరుమలగిరి జనగామ నుంచి సూర్యాపేట పోయే రహదారి మీద ఉంది. 2016లో సూర్యాపేట జిల్లా కేంద్రమయింది. 2019లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. డాక్టరు గారి కోసం ఇదివరకంత దూరం పోనవసరం లేదన్నది నిజం. నడక నేర్పడానికి వారానికి ఒకసారి ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు కూడా దొరికాడు. చేతి పనుల కోసం ఆక్యుపేషనల్ థెరపిస్టును చూడమని డాక్టరు గారు రాశారు. విచారిస్తే మాకు దొరికిన అమ్మాయి హైదరాబాద్‌లో ఉంది. పోవడానికి నూరు కిలోమీటర్ల పైచిలుకు, రావడానికి మళ్ళీ అంతే. కిరాయి కారులో ఒకసారి పోయి వచ్చేసరికి అత్తమ్మకు రెండు రోజులు ఒళ్ళు నొప్పులు. మొదటిసారి స్వయంగా చూసి, చేయి పట్టి పరీక్షించి, "ఇక వారానికి రెండుసార్లు వీడియోలో చూస్తాను. నెలన్నరకు ఒకసారి నా దగ్గరికి తీసుకురండి" అని ఆ అమ్మాయే అన్నది.

మొదటి వీడియో కాల్‌లో ఆమె అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ జ్ఞాపకం. అంతవరకు చూసినవారందరూ "ఎక్కడ నొప్పి?" అని అడిగారు. ఈ అమ్మాయి, "నీకేం చేయాలని ఉందమ్మా?" అని అడిగింది.

అత్తమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది, "నా చేత్తోని నేను బువ్వ కలుపుకొని తినాలె బిడ్డా. కుడిచేత్తోని."

ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినడం అప్పటికే వచ్చింది. కడుపు నిండుతున్నది. కాని మన ఇళ్ళలో ఎడమచేతికి ఉన్న స్థానం మీకు తెలియనిది కాదు. డెబ్బై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి పదిమందిలో ఎడమచేత్తో కంచం ముట్టడమంటే తలకొట్టేసినట్టే. అందుకే మనుమల ముందు తినేది కాదు. చుట్టాలు వస్తే ఆకలి లేదనేది. థెరపిస్టు ఆ మాటను తేలికగా తీసుకోలేదు. తన పుస్తకంలో రాసుకుని, "సరే, మన పని ఇదే. ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేను. అందాకా చెంచా మానవద్దు. కడుపు మాడ్చుకుంటే చేయి రాదు" అన్నది. ఆశ పెట్టలేదు, ఆశ తుంచలేదు. మంచి వైద్యుల లక్షణం అది.

ఇల్లు చూసిన కన్ను

రెండవ కాల్‌లో ఆ అమ్మాయి అత్తమ్మను చూడనే లేదు. ఫోను పట్టుకుని ఇల్లంతా నడవమని నాతో చెప్పింది. మంచం, గడప, వంటిల్లు, దొడ్లో ఉన్న స్నానాలగది, రాత్రిపూట అక్కడికి పోయే దారి, అన్నీ చూపించమన్నది. ఆసుపత్రిలో ఎంత గొప్ప వైద్యుడికైనా ఇవి కనిపించవు. అక్కడ నేల చదును, గోడకు పిడులు, మంచానికి చక్రాలు. మనిషి మళ్ళీ వచ్చి పడేది మాత్రం ఈ గడపలో, ఈ దొడ్లో. ఫోను ద్వారా చేసే ఈ చికిత్సలో అసలు బలం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

ఆమె చెప్పిన మార్పులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఎవరి ఇంటికైనా పనికొస్తాయి కనుక కొన్ని చెబుతాను.

నవారు మంచం మధ్యలో కుంగుతుంది. లేవడానికి రెట్టింపు బలం కావాలి. గట్టి చెక్క మంచం వేయించాం. కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్ళు ఇంచుమించు గోడమూలలా వంగాలి. ఎత్తు చాలకపోతే ఇటుకలు పెట్టవద్దన్నది, జారతాయి. మంచం కోడు కూర్చునేలా గుంట తీసిన చెక్కదిమ్మెలు వడ్రంగిచేత చేయించమన్నది.

గడప తీయించడానికి అత్తమ్మ ఒప్పుకోలేదు. పసుపు రాసే గడప అది. థెరపిస్టు బలవంతపెట్టలేదు. ద్వారబంధానికి ఇనుప పిడి బిగించమన్నది. ఒక్కటి కాదు, రెండు వైపులా. నాకు ఎందుకో తోచలేదు. "లోపలికి వచ్చేటప్పుడు ఎడమచేతికి అందే పిడి, బయటికి పోయేటప్పుడు కుడివైపు అవుతుంది గదా" అన్నది! ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు అన్నది కూడా ఆ గడప దగ్గరే నేర్పింది.

స్నానానికి తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. బరువైన స్టూలు గోడకు ఆనించి, కింద రబ్బరు చాప వేయాలి. రాత్రిపూట దొడ్లోకి పోకుండా మంచం పక్కనే కమోడ్ కుర్చీ, ఒక చిన్న దీపం ఉండాలి. రవికె వేసేటప్పుడు బలహీనమైన చేయి ముందు తొడగాలి, విప్పేటప్పుడు దాన్ని చివర తీయాలి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పింది భుజం సంగతి. పక్షవాతం వచ్చిన చేతిని పట్టి లాగి లేపకూడదు. చంకల కింద చేతులు వేసి ఎత్తకూడదు. వదులైన భుజం కీలు జారి, ఆపైన నొప్పితో చేయి మొత్తమే పనికిరాకుండా పోతుంది. కూర్చున్నప్పుడు చేయి కింద దిండు ఉండాలి. ద్వారబంధానికి గిలక కట్టి తాడుతో చేయి పైకి లాగే వ్యాయామం మన ఊళ్ళలో చాలామంది చేయిస్తారు. ఇలాంటి భుజానికి అది హాని. పావురం రక్తంతో మర్దన అని ఒకరు సలహా ఇచ్చారు. దానివల్ల చచ్చుబడిన నరానికి ఏ మేలూ లేదు, పావురం ప్రాణం పోవడం తప్ప.

ముద్ద వెనుక ఆరు పనులు

అన్నం కలిపి నోట్లో పెట్టుకోవడాన్ని మనం ఒక పని అనుకుంటాం. థెరపిస్టు దాన్ని ఆరు పనులుగా విడగొట్టింది. చేయి కంచం దాకా చాపడం, వేళ్ళు తెరవడం, అన్నాన్ని దగ్గరికి తీయడం, మూడు వేళ్ళు బొటనవేలితో కలిపి ముద్ద నొక్కడం, అరచేయి తనవైపు తిప్పుతూ నోటిదాకా ఎత్తడం, అక్కడ మళ్ళీ వేళ్ళు వదలడం. అత్తమ్మకు ఏది వస్తుంది, ఏది రాదు అన్నది ఫోనులో చూసి తేల్చింది. ముడవడం వస్తున్నది, తెరవడం రావడం లేదు. అందుకే రబ్బరు బంతి నొక్కించమని అందరూ చెప్పే సలహాను ఆమె పక్కన పెట్టింది. మూసుకోవడమే అలవాటయిన చేతికి మూసే పని ఇంకా ఎందుకు?

ఇక ఇంట్లో ఉన్న వస్తువులే సాధనాలయ్యాయి. బల్ల మీద తుండుగుడ్డ పరిచి, రెండు చేతులూ దాని మీద పెట్టి ముందుకూ వెనక్కూ తుడవడం. చపాతి పిండి అరచేత్తో ఒత్తి వేళ్ళు చాపడం. పళ్ళెంలో చింతగింజలు పోసి ఒక్కొక్కటి తీసి గిన్నెలో వదలడం. ఇక్కడ తీయడంకన్నా వదలడమే ముఖ్యం. తోటకూర ఆకులు తుంచడం. ఒక్కొక్కటి పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగు విడతలు. అలసిపోతే ఆపాలి. పట్టుదలకు పోయి చేయి బిగుసుకునేలా చేయకూడదు.

కంచం కూడా మారింది. అంచు ఎత్తుగా ఉన్న స్టీలు పళ్ళెం, జారకుండా దాని కింద తడిపి పిండిన గుడ్డ. మొదట పెరుగన్నం, అదీ మెత్తగా. ఎడమచేయి కుడిచేతి మీద వేసి నడిపించాలి. కుడిచేతికి స్పర్శ తగ్గింది కనుక అన్నం వేడిని ఎడమచేత్తో చూసుకోవాలి. లేకపోతే కాలినా తెలియదు. నిటారుగా కూర్చునే తినాలి. మింగడంలో ఇబ్బంది లేదని ఆసుపత్రిలో పరీక్షించి చెప్పిన తరువాతే ఇదంతా మొదలుపెట్టాం. దగ్గు, పొలమారడం ఉన్నవారు ముందు ఆ పరీక్ష చేయించుకోవాలి.

మూడో వారంలో వేళ్ళు కొద్దిగా విచ్చుకున్నాయి. రెండో నెల చివర నాలుగు ముద్దలు నోటిదాకా చేరాయి, చీర మీద పడింది ఇంకో నాలుగు. అయిదు నెలలకు సగం భోజనం కుడిచేత్తో తినగలిగింది. మొదటి పది ముద్దలు కుడిచేత్తో, అలసిపోతే మిగిలింది చెంచాతో అన్నది ఇప్పటికీ మా ఇంటి పద్ధతి. చారన్నం ఇంకా చెంచాతోనే. రవికె హుక్కులు నేనే పెడతాను. పూర్తిగా మునుపటిలా అయిందని నేను చెప్పడం లేదు. మనుమల పక్కన కూర్చుని తింటున్నది. అది చాలా పెద్ద సంగతి.

"కోడలు పని చేయిస్తున్నది"

ఈ చికిత్సలో అందరూ దాచే కష్టం ఒకటి ఉంది. మా వాకిట్లో కూర్చుని అత్తమ్మ చింతగింజలు ఏరుతుంటే దారిన పోయేవాళ్ళు చూశారు. "పక్షవాతం వచ్చిన ముసలామెతోని కూడా పని చేయించుకుంటున్నది కోడలు" అన్న మాట నా చెవిన పడింది. మందు మింగిస్తే సేవ, పని చేయనిస్తే పాపం! మన సమాజంలో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అన్నీ అందించడమే ప్రేమ. ఆ ప్రేమ తప్పని నేననను. కాని పని లేని చేయి పనిని మరిచిపోతుంది. మెదడులో దెబ్బతిన్న భాగం చేసే పనిని మిగతా భాగాలు నేర్చుకోవాలంటే ఆ పనిని పదే పదే చేయడం ఒక్కటే మార్గం.

నేను ఈ సంగతి కాల్‌లో చెప్పాను. ఆ మరుసటి కాల్‌కు థెరపిస్టు మా ఆడబిడ్డనూ, పక్కింటి పెద్దమ్మనూ కూడా కూర్చోబెట్టమన్నది. ఎందుకు చేయిస్తున్నదీ వాళ్ళకే వివరించింది. నా నడుం నొప్పి సంగతి కూడా అడిగి, ఆమెను లేపేటప్పుడు నేను మోకాళ్ళు వంచి ఎలా నిలబడాలో చూపించింది. సేవ చేసే మనిషి పడిపోతే ఆ ఇల్లు నడవదని ఆ అమ్మాయికి తెలుసు. పక్షవాతం తరువాత దిగులు చాలామందిలో కనిపిస్తుంది, సేవ చేసేవారిలో కూడా. అటువంటప్పుడు ప్రభుత్వపు టెలిమానస్ 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అది సిగ్గుపడవలసిన విషయం కాదు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

ఒక్క ఇంటి అనుభవాన్ని పట్టుకుని అందరికీ సలహా ఇవ్వకూడదు. అమెరికాలో 11 కేంద్రాల్లో, పక్షవాతంతో చేయి బలహీనపడిన 124 మందిమీద జరిగిన పరిశోధన 2019లో వెలువడింది. ఇంట్లో కూర్చుని దూరంనుంచి శిక్షణ పొందినవారి చేయి, ఆసుపత్రికి వెళ్ళి పొందినవారి చేతికి తీసిపోకుండా మెరుగయింది. 2020లో కోక్రేన్ సంస్థ 22 పరిశోధనలను, 1937 మంది రోగుల వివరాలను కలిపి సమీక్షించింది. రోజువారీ పనుల విషయంలో దూరచికిత్స మామూలు చికిత్సకు తీసిపోవడం లేదన్న వైపే మొగ్గింది. ఆధారాలు ఇంకా బలపడాలని కూడా చెప్పింది.

మన దేశపు అనుభవం మరొకటి తప్పక చెప్పాలి. కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి వారిచేతనే వ్యాయామాలు చేయిస్తే సరిపోతుందా అని 14 ఆసుపత్రుల్లో 1250 మందిమీద పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలల తరువాత చూస్తే, మామూలు చికిత్స పొందినవారికీ వీరికీ తేడా కనిపించలేదు. ఇంటివాళ్ళ చేతులు ఎంత ప్రేమగా పనిచేసినా, వాటిని వారం వారం చూసి దిద్దే కన్ను ఉండాలన్నది దీని నుంచి నేను గ్రహించింది. వ్యాయామం చీటీ ఇచ్చి పంపితే అది చికిత్స కాదు. ఫోనులో నాలుగు వీడియోలు చూసి మనంతట మనం చేయించినా అది చికిత్స కాదు.

ఫోను చేయలేనివి

చేతి కండరం ఎంత బిగుసుకుందో పట్టి చూస్తేనే తెలుస్తుంది. భుజం కీలు ఎంత జారిందో వేలితో తడిమి చూడాలి. చేతికి కట్టే స్ప్లింటును చేతిమీదే మలచాలి. మొదటిసారి నిలబెట్టడం, మొదటిసారి స్నానాలగదికి నడిపించడం మనిషి పక్కన లేకుండా చేయకూడదు. అందువల్ల మధ్యమధ్య స్వయంగా చూపించుకోవడం తప్పనిసరి.

మూతి వంకర పోవడం, చేయి కాలు కొత్తగా చచ్చుబడడం, మాట తడబడడం, భరించలేని తలనొప్పి, ఫిట్సు, గుండెల్లో నొప్పి, ఆయాసం, ఒక పిక్క వాచి నొప్పి చేయడం, వీటిలో ఏది కనిపించినా వీడియో కాల్ కోసం కాచుకోకూడదు. వెంటనే 108. రక్తపు గడ్డవల్ల వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే పడాలి. ప్రతి నిమిషమూ విలువైనదే.

కాల్ చేసేవారికి కొన్ని సూచనలు

ఫోను చేత్తో పట్టుకోవద్దు. స్టూలుమీద బియ్యం డబ్బాకు ఆనించి పెట్టండి. అప్పుడు మీ రెండు చేతులూ రోగికి దొరుకుతాయి. వెలుతురు మనిషి ముఖంమీద పడాలి. కిటికీ వెనుక ఉంటే మనిషి నల్లటి నీడలా కనిపిస్తాడు. కాల్‌కు ముందు బి.పి. చూసి రాసిపెట్టండి. డిశ్చార్జి కాగితాలు ముందే పంపండి. వానకు సిగ్నలు పోతే కంగారుపడక, రెండు నిమిషాల వీడియో తీసి తరువాత పంపండి. మేము చాలాసార్లు అలాగే చేశాం. స్నానం నేర్పే కాల్‌లో రోగి బట్టలతోనే ఉండాలి. ఆ వీడియోలు బంధువుల గ్రూపుల్లో పెట్టవద్దు. పెద్దవాళ్ళ మర్యాద మన చేతుల్లో ఉంది.

థెరపిస్టు చదివిన డిగ్రీ, నమోదు వివరాలు నిస్సంకోచంగా అడగండి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఆక్యుపేషనల్ థెరపీని కూడా తన పరిధిలోకి తీసుకున్నది. ఫీజు ఎంత, ఎన్ని కాల్స్ అన్నది ముందే మాట్లాడుకోండి. ఇన్ని రోజుల్లో పూర్తిగా నయం చేస్తామని హామీ ఇచ్చేవారిని, మొదటి కాల్‌లోనే యంత్రం కొనమనేవారిని దూరంగా ఉంచండి. మీ డాక్టరుకు తెలియకుండా ఏదీ మొదలుపెట్టవద్దు.

ఇది పక్షవాతానికి మాత్రమే పరిమితమైన విద్య కాదు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర పోయినవారికి, చేయి విరిగి కట్టు విప్పినవారికి, కంపవాతం ఉన్నవారికి, పుట్టుకతో మెదడు దెబ్బతిన్న పిల్లలకు కూడా ఇది ఉపయోగం. అలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు మండలంలోని భవిత కేంద్రంలో విచారించాలి. తమిళనాడులోని ఆయికుడిలో అమర్ సేవా సంగం అనే సంస్థ ఒక మంచి మార్గం చూపింది. ఊళ్ళలో శిక్షణ పొందిన కార్యకర్త ఫోను యాప్ పట్టుకుని పిల్లవాడి ఇంటికి పోతారు. నిపుణులు దూరంనుంచి చూసి చెబుతారు. ఒక చేయి ఇక్కడ, ఒక కన్ను అక్కడ. మన జిల్లాల్లోనూ ఆశా కార్యకర్తలకు ఇటువంటి శిక్షణ ఇస్తే, కోడళ్ళూ కూతుళ్ళూ ఒంటరిగా మోస్తున్న భారం కొంత తగ్గుతుంది.

మీ ఇంట్లో పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారు ఉంటే, ఈ రోజు వారిని నడక గురించి అడగకండి. ఏ పని తన చేత్తో చేసుకోవాలని ఉందో అడగండి. వారు చెప్పిన మాట ఒక కాగితం మీద రాసుకోండి. థెరపిస్టు దూరాన ఉన్నా, దగ్గర ఉన్నా, మీరు ముందుగా చూపించవలసిన కాగితం అదే.